మంది ఎక్కువైతే జలపాతమూ పలచనే

అమెరికా పశ్చిమ తీరంలో, ఓరెగన్ రాష్ట్రంలోని పెద్ద నగరం పోర్ట్‌లాండ్. శివార్లతో కలిపి పాతిక లక్షల జనాభా. అక్కడినుంచి కారులో తూర్పుకు బయల్దేరితే అరగంట దాటేసరికి కొలంబియా నది లోయలో ఉంటాం. ఒకపక్క విశాలమైన నది, ఇంకోపక్క నిట్టనిలువు నల్లరాతి గోడ. నగరానికి సుమారు 48 కిలోమీటర్ల దూరంలో ఆ గోడ మీంచి మల్ట్‌నోమా జలపాతం రెండు అంచెలుగా దూకుతుంది. మొత్తం ఎత్తు 620 అడుగులు, అందులో పై అంచె ఒక్కటే 542 అడుగులు. రెండు అంచెలకూ నడుమ 45 అడుగుల పొడవున సన్నని కాంక్రీటు వంతెన ఉంటుంది. అక్కడ నిలబడి తలెత్తితే పై ధార తుంపర మొహాన పడుతుంది, తల వంచితే కాళ్ల కిందినుంచి రెండో ధార జారిపోతూ కనిపిస్తుంది. వాన నీళ్లు, మంచు కరిగిన నీళ్లే కాక వెనకనున్న లార్చ్ కొండ లోపలి ఊటలు కూడా దీనికి ఆధారం, అందుకే ఏ నెలలో వెళ్లినా ఎండిపోయి ఉండదు. ఏటా ఇరవై లక్షల మందికి పైగా వస్తారు. నగరానికి పశ్చిమాన ఇంటెల్ కంపెనీ ఉన్న హిల్స్‌బరో, బీవర్టన్ ప్రాంతాల్లో స్థిరపడ్డ తెలుగువాళ్లు, వేసవిలో ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను ముందుగా తీసుకెళ్లే చోట్లలో ఇదీ ఒకటి.

2021 వేసవిలో ఇక్కడ ఒక కొత్త పద్ధతి మొదలైంది. జలపాతం చూడాలంటే ఫలానా రోజు, ఫలానా వేళకు వస్తామని ముందే ఆన్‌లైన్‌లో టికెట్ తీసుకోవాలన్నారు. మరుసటి ఏడాది అది వాహనానికి రెండు డాలర్ల పర్మిట్‌గా మారింది. సొమ్ము చిన్నదే కానీ ప్రశ్న పెద్దది. కొండ మీంచి పడే నీటికి టికెట్టా? గాలికీ వెన్నెలకీ రేపు వేళలు పెడతారా? విన్న వెంటనే ఎవరికైనా కలిగే అభ్యంతరమే ఇది. నా అభిప్రాయం వేరు. మహానగరం పక్కనున్న జలపాతానికి వేళ పెట్టడమంటే తలుపు మూయడం కాదు, మర్యాదగా వడ్డించడం. మన పెళ్లిళ్లలో అందరినీ ఒకేసారి కూర్చోబెట్టరు, మొదటి బంతి, రెండో బంతి అని వేస్తారు. రెండో బంతికి కూర్చున్నవాడు తన్ను అవమానించారనుకోడు. బంతులు లేకుండా అందరినీ ఒకేసారి లోపలికి వదిలిన పెళ్లిలో ఏం జరుగుతుందో మనకు తెలుసు. ఈ లోయ చరిత్రను మొదటినుంచీ చూస్తే అక్కడా అదే కనిపిస్తుంది.

ముందు లోయ సంగతి. మనకు తెలిసిన పోలిక పాపికొండలు. తూర్పు కనుమలను చీల్చుకుని గోదావరి ఎలా మైదానంలోకి వస్తుందో, కాస్కేడ్ పర్వతశ్రేణిని చీల్చుకుని కొలంబియా అలా పసిఫిక్ వైపు సాగుతుంది. ఆ చీలిక పొడవు దాదాపు 130 కిలోమీటర్లు, కొన్నిచోట్ల లోతు నాలుగు వేల అడుగులు. సముద్రం నుంచి వచ్చే తేమగాలిని ఆ కొండలు పడమటి వైపే ఆపేస్తాయి. అందువల్ల లోయ నడిమధ్య ఉన్న కాస్కేడ్ లాక్స్ ఊళ్లో ఏడాదికి 75 అంగుళాల వాన కురిస్తే, అక్కడికి కారులో గంట లోపు దూరంలోని ద డాల్స్‌లో 15 అంగుళాలు కూడా పడదు. మన అనంతపురం వానే అంతకన్నా ఎక్కువ. ఒకే లోయలో పడమర నాచు పట్టిన దేవదారు అడవి, తూర్పున ఎండుగడ్డి గుట్టలు. ఈ రెంటి మధ్య సందుల్లో, ప్రపంచంలో ఇంకెక్కడా మొలవని పూలమొక్కలు పదిహేను రకాల దాకా ఉన్నాయి. ఇలాంటి చోట దారి తప్పిన ఒక్క బూటు కూడా లెక్కలోకి వస్తుంది.

లోయ గోడల నల్లరాయి లావా గడ్డకట్టగా ఏర్పడింది. ఆదిలాబాద్ నల్లరేగడికి తల్లి అయిన దక్కన్ లావా ఆరున్నర కోట్ల ఏళ్ల నాటిది, కొలంబియా లావా అందులో నాలుగో వంతు వయసుది. జలపాతాల పుట్టుక మాత్రం నిన్నమొన్నటి కథే అనాలి. పదిహేను వేల ఏళ్లకు అటూఇటూగా, మంచుయుగం చివర్లో, మోంటానా సరిహద్దు దగ్గర ఐడహోలో ఒక మంచుదిమ్మ నదికి అడ్డంగా పడి ఆనకట్టలా నిలిచింది. దాని వెనక ఒక సముద్రమంత చెరువు నిండింది. మంచుకట్ట తెగినప్పుడల్లా ఆ నీళ్లన్నీ ఈ లోయగుండా పరుగెత్తాయి. ఒకటి రెండుసార్లు కాదు, పదులసార్లు. ఆ వరదలు లోయ గోడల అడుగుభాగాన్ని చెక్కుకుపోవడంతో, మెల్లగా వాలు దిగి నదిలో కలిసే చిన్న చిన్న వాగులు గాల్లో నిలిచిపోయాయి, దూకడం తప్ప వాటికి దారి లేకపోయింది. ఈ వరదల మాట 1923లో మొదట చెప్పిన జె హార్లెన్ బ్రెట్జ్‌ను తోటి శాస్త్రవేత్తలు దశాబ్దాల పాటు నమ్మలేదు. అమెరికా భూవిజ్ఞాన సంఘం తన అత్యున్నత పతకం ఆయనకు ఇచ్చింది 1979లో, ఆయనకు తొంభై ఆరేళ్ల వయసులో.

ఈ కథ చెప్పడానికి కారణముంది. అంత హడావిడిగా చెక్కిన గోడ ఇంకా కుదుటపడలేదు. 1995 సెప్టెంబర్‌లో మల్ట్‌నోమా పై గోడ నుంచి బస్సంత బండ, దాదాపు 400 టన్నులది, ఊడి కింది మడుగులో పడింది. ఎగసిన నీళ్లు, రాతి ముక్కలు వంతెన మీద ఫొటోలకు నిలబడ్డ పెళ్లివారి మీద పడి ఇరవై మంది దాకా గాయపడ్డారు. 2014 జనవరిలో మరో రాయి ఆ వంతెననే దెబ్బతీసింది, కొన్నాళ్లు మూసి మరమ్మతు చేయాల్సి వచ్చింది. ప్రకృతి ఒడి, అమ్మ ఒడి అని రాసుకోవడానికి బాగుంటుంది. రాయి పడేచోట ఎందరు నిలబడి ఉన్నారన్నది మాత్రం కవిత్వం తేల్చే విషయం కాదు, ఎవరో లెక్కపెట్టి తీరాలి.

లెక్కపెట్టడం ఈ లోయకు కొత్త కూడా కాదు. మనం ‘సహజం’ అనుకుంటూ చూసే ఈ దృశ్యాన్ని చాలావరకు మనుషులే ఏర్చి కూర్చారు. 1913లో మొదలై 1922లో పూర్తయిన కొలంబియా రహదారి అమెరికాలో కేవలం అందం చూపించడం కోసం వేసిన తొలి పెద్ద రోడ్లలో ఒకటి. సామ్యూల్ హిల్ అనే ధనికుడి పట్టుదల, సామ్యూల్ లాంకాస్టర్ అనే ఇంజినీరు పనితనం కలిసి దాన్ని కట్టాయి. ఇద్దరూ ముందుగా ఐరోపా వెళ్లి అక్కడి కొండదారులు చూసి వచ్చారు. ఎక్కుడు నూటికి అయిదు అడుగులు దాటకూడదు, మలుపు వంద అడుగుల వ్యాసార్ధానికి తగ్గకూడదు అని లాంకాస్టర్ గిరిగీసుకున్నాడు. ఆ కాలపు బలహీనమైన కార్లు రొప్పకుండా ఎక్కాలి, లోపలున్నవాళ్లు భయపడకుండా చూడాలి. ఏ మలుపులో ఏ జలపాతం కళ్లబడాలో చూసుకుని మరీ దారి తిప్పాడు. 1914లో జలపాతం నడుమ ఉన్న ఆ వంతెన కట్టడానికి డబ్బిచ్చిన సైమన్ బెన్సన్ నార్వే నుంచి వచ్చి కలప వ్యాపారంలో కోట్లు గడించినవాడు. మన చలివేంద్రాల్లాగా పోర్ట్‌లాండ్ వీధుల్లో కంచు మంచినీటి కుళాయిలు పెట్టించిందీ ఆయనే. అడవులు నరికి సంపాదించిన సొమ్ముతో జలపాతం చుట్టూ ఉన్న నేల కొని నగరానికి రాసిచ్చాడు. 1943లో అది అటవీ శాఖ చేతికి వచ్చింది. ఒకరు కొని ఇవ్వకపోతే, ఇంకొకరు దారి కొలిచి వేయకపోతే, ఈరోజు ‘అందరిదీ’ అంటున్న జలపాతం ఏ ప్రైవేటు గేటు వెనకో ఉండేది.

రెండో మలుపు 1986. అప్పటికి నగరం తూర్పుకు పాకుతోంది. నది అవతలి గట్టున, పక్క రాష్ట్రం వైపు, ఇళ్ల స్థలాల బోర్డులు లేచే రోజులు. నాన్సీ రస్సెల్ అనే పోర్ట్‌లాండ్ గృహిణి 1980లో ఒక సంఘం పెట్టి, లోయను కాపాడే చట్టం కోసం పట్టుపట్టారు. లోయలో భూములున్న చాలామంది దాన్ని గట్టిగా వ్యతిరేకించారు. నా పొలంలో నేను కట్టుకునే ఇంటికి ఎవరో పెత్తనమేమిటన్నారు. ప్రైవేటు భూముల మీద కేంద్రం అజమాయిషీ తనకు ఇష్టం లేదంటూనే, రెండు రాష్ట్రాల్లోనూ మద్దతుంది గనుక అధ్యక్షుడు రీగన్ 1986 నవంబర్‌లో సంతకం చేశారు. ఆ చట్టం లోయను మ్యూజియం చేయలేదు. పదమూడు ఊళ్లను నిబంధనల పరిధి నుంచి తప్పించి, పెరగాలనుకుంటే అక్కడ పెరగమంది. బయట కట్టే ఇల్లు మాత్రం దూరం నుంచి చూసేవారి కంటికి పొడుచుకోకూడదంది. అందుకే కొత్త ఇళ్లకు మట్టిరంగులు, ముదురు ఆకుపచ్చలు వేయాల్సి వచ్చింది. కొండవాలున తెల్లగా మెరిసే గోడ ఒక్కటి లేకపోవడం వల్ల ఎంత చూపు మిగిలిందో, ఆ రోడ్డు మీద వెళ్లేవారికి తెలియదు. మంచి నియమాల లక్షణమే అంత, పనిచేస్తున్నంతకాలం అవి కనిపించవు.

కనిపించాల్సిన రోజు 2017 సెప్టెంబర్ 2న వచ్చింది. సెలవుల వారాంతం, ఎండిపోయిన అడవి, నిప్పు రాజేయరాదని నిషేధం. ఈగిల్ క్రీక్ దారిలో పదిహేనేళ్ల కుర్రాడొకడు టపాకాయ వెలిగించి లోయలోకి విసిరాడు. మంటలు లేచాయి. పైన ఉన్న సుమారు నూటయాభై మంది వెనక్కి రాలేక రాత్రంతా అడవిలోనే గడిపి మర్నాడు వేరే దారిన బయటపడ్డారు. నిప్పురవ్వలు అంత వెడల్పు నదిని దాటి అవతలి రాష్ట్రంలో పడ్డాయి. పోర్ట్‌లాండ్ వీధుల్లో బూడిద రాలింది. దాదాపు 49 వేల ఎకరాలు కాలాయి. మల్ట్‌నోమా కింద 1925లో రాతితో కట్టిన విశ్రాంతి భవనాన్ని అగ్నిమాపక సిబ్బంది రాత్రంతా తడుపుతూ కాపాడారు. కుర్రాడికి కోర్టు విధించిన నష్టపరిహారం 3.66 కోట్ల డాలర్లు, ఏ కుర్రాడూ తీర్చలేని అప్పు అది. ఈగిల్ క్రీక్ దారి మళ్లీ తెరవడానికి మూడేళ్లు దాటింది. చెట్ల వేళ్లు కాలిపోయిన వాలుల నుంచి రాళ్లు, బురద ఆ తర్వాత కూడా జారుతూనే ఉన్నాయి.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారనవచ్చు. అయితే ఆకులు వెతకడం అంతకుముందే మొదలైంది. పార్కింగ్ నిండి హైవే మీద కార్లు బారులు తీరడం, గేటు వేసి వచ్చినవాళ్లను తిప్పి పంపడం మామూలైపోయాక, 2016లో నగరం నుంచి నేరుగా జలపాతం దగ్గరికి బస్సు వేశారు. 2018లో అవతలి గట్టున డాగ్ మౌంటెన్‌కు, పసుపు పూలు కొండంతా కమ్మే వసంతకాలపు శని, ఆదివారాల్లో పర్మిట్ పెట్టారు. అక్కడ ఇబ్బంది పూలకే కాదు, ఇరుకు రోడ్డు పక్కన కార్లు ఆపి నడిచేవాళ్లకూ ప్రాణగండమే. మల్ట్‌నోమా వేళల పద్ధతి వీటి కొనసాగింపు. 2022లో పాత రహదారి పొడవునా జలపాతాలన్నిటికీ కలిపి వేసవి పర్మిట్లు పెట్టారు, బస్సులోనో సైకిల్ మీదో వచ్చేవారికి అక్కర్లేదన్నారు. ఇంటర్నెట్ లేనివారికి కొన్ని చేతికే ఇచ్చారు. మరుసటి ఏడాది రోడ్డంతటికీ వద్దనుకుని మల్ట్‌నోమాకే పరిమితం చేశారు. మల్ట్‌నోమా పర్మిట్లతో కొలిచింది మనుషులను కాదు, కార్లను. ఈ తేడా గమనించదగ్గది. కారు దిగి బస్సెక్కిన మనిషికి జలపాతం ఎప్పటిలాగే తెరిచే ఉంది.

ఈ పద్ధతి మీద మొదటి అభ్యంతరం న్యాయానిదే. ముందే రోజు చూసుకుని ఆన్‌లైన్‌లో టికెట్ తీసుకోగలిగేది ఆఫీసు ఉద్యోగి. షిఫ్టుల్లో పనిచేసి, సెలవు ఎప్పుడొస్తుందో తెలియనివాడికి ఆ వెసులుబాటు లేదు. ఇది కొట్టిపారేయలేని మాట. కానీ వేళలు లేనప్పుడు న్యాయం ఉండేదా అని కూడా అడగాలి. ముందొచ్చిన వాడికే చోటు అన్నప్పుడు గెలిచేది సొంత కారు, తీరిక ఉన్నవాడే. ఒక్క ఆదివారం దొరికి పిల్లలను వెంటబెట్టుకుని మధ్యాహ్నానికి చేరినవాడు గేటు దగ్గరే వెనుదిరిగేవాడు. ఆ క్యూకి పెట్టే ఖర్చు రెండు డాలర్లు కాదు, ఒక రోజు. అందువల్ల ఈ అభ్యంతరానికి జవాబు వేళలు ఎత్తేయడం కాదు. కొన్ని చోట్లు అప్పటికప్పుడు వచ్చేవారికి ఉంచడం, బస్సులు పెంచడం, ఛార్జీ తగ్గించడం.

రెండోది, ఒకడు టపాకాయ విసిరితే లక్షల మందికి కళ్లెమా అన్నది. నిజమే, ఏ పర్మిట్టూ ఆ చేతిని ఆపేది కాదు, ఏ టికెట్టూ బండ ఊడకుండా ఆపదు. వేళల పద్ధతి ప్రమాదాన్ని పుట్టకుండా చేస్తుందని ఎవరైనా అంటే అది అతిశయోక్తే. అది చేసేది వేరు. ప్రమాదం పుట్టినరోజున ఇరుకు దారిలో ఎందరు ఉంటారో తగ్గిస్తుంది, అంబులెన్సుకు రోడ్డు మిగులుస్తుంది, లోపల ఎందరున్నారో ఎవరికో ఒకరికి తెలిసేలా చేస్తుంది. ఇక ఇక్కడ ఆపితే జనం పక్క జలపాతానికి పోతారు కదా అన్న మాట కూడా వాస్తవమే, చాలాచోట్ల జరిగేదే. రోడ్డంతటికీ పర్మిట్ పెట్టి చూడడమూ, మళ్లీ తీసేయడమూ అందులోంచి వచ్చినవే. ఒకసారి పెట్టిన హద్దు శిలాశాసనం కాకూడదు. కొలిచి, మార్చి, అవసరమైతే తప్పు ఒప్పుకుని వెనక్కి తీసుకోగలిగినప్పుడే దానికి జనం ముందు నిలిచే అర్హత.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం ఈ లోయ తూర్పు చివర నీటి అడుగున ఉంది. అక్కడ సెలైలో అనే జలపాతం ఉండేది. ఎత్తు పెద్దది కాదు, కానీ నది మొత్తం రాళ్ల మధ్య సుళ్లు తిరుగుతూ దూకే చోటది. వేల ఏళ్లుగా అమెరికా మూలవాసులు అక్కడ చెక్క మంచెల మీద నిలబడి, పొడవాటి కర్రలకు కట్టిన వలలతో సాల్మన్ చేపలు పట్టేవారు. ఆ హక్కు వారిదేనని 1855 ఒప్పందాల్లో ప్రభుత్వమే రాసిచ్చింది. 1957 మార్చి 10న ద డాల్స్ ఆనకట్ట గేట్లు దించాక కొన్ని గంటల్లోనే అది మునిగిపోయింది. షికారుకు వచ్చేవారి జలపాతాన్ని కాపాడిన ప్రభుత్వమే, బతుకు దానిమీదే ఉన్నవారి జలపాతాన్ని ముంచేసింది. హద్దులు గీసే అధికారాన్ని నమ్మవచ్చా అని అడిగేవారికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. నా వాదనను ఇది కూలదొయ్యదు కానీ దానికొక షరతు పెడుతుంది. బంతులు వేసేవాడు ఇంటివాళ్లను అడక్కుండా వేస్తే అది విందు కాదు, ఆక్రమణ. పోలవరం నీటి కింద ఊళ్లు వదులుకుంటున్న కోయలు, కొండరెడ్లు ఉన్న పాపికొండల్ని విహారయాత్రగా మాత్రమే చూసే మనకు ఈ మాట దూరపుది కాదు.

మన దగ్గర ఇవన్నీ కుదరవనేవాళ్లు చాలామందే ఉంటారు. అవసరం మాత్రం ఉంది. కుంటాల జలపాతం మడుగులో మునిగి పోయిన ప్రాణాల వార్తలు వానాకాలంలో మళ్లీ మళ్లీ చదువుతున్నాం. 2023 జులైలో ములుగు జిల్లా అడవిలోని ముత్యంధార జలపాతానికి వెళ్లిన పదులమంది, వాగు పొంగడంతో రాత్రి అడవిలో చిక్కుకుపోతే సహాయక దళాలు వెళ్లి తీసుకురావాల్సి వచ్చింది. ఈగిల్ క్రీక్ రాత్రికీ ఆ రాత్రికీ నిప్పు, నీరు అన్నదే తేడా. 2019 సెప్టెంబర్‌లో గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగాక, బోట్లకు లెక్కా అదుపూ ఉండాలని అందరూ అన్నారు. ప్రతిసారీ మనం చేసేది ఒక బోర్డు పాతడం, కొన్నాళ్లు మూసేయడం, మళ్లీ బార్లా తెరవడం. పూర్తిగా మూత, లేదంటే పూర్తిగా తెరుపు, మధ్య మార్గం మనవాళ్లకు పట్టదు అంటారు. అది నిజం కాదని తిరుమల చెబుతోంది. దర్శనానికి తేదీ, వేళ చూసుకుని టికెట్ తీసుకోవడం తెలుగువాళ్లకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. టోకెన్ మీద వేసిన గంటకే క్యూలోకి వెళ్తాం, దేవుణ్ణి అమ్ముకుంటున్నారని గొణుక్కున్నా ఆ వేళకు తప్పకుండా అక్కడ ఉంటాం. గర్భగుడి ముందు నిలిచే చోటు ఇంతేనని మనకు తెలుసు కాబట్టి ఒప్పుకున్నాం. జలపాతం ముందు బండ కూడా అంతే చిన్నదని ఎవరూ లెక్కగట్టి చెప్పలేదు, అందుకే ఒప్పుకోలేకపోతున్నాం.

చెయ్యాల్సింది పెద్దగా ఏమీ లేదు. దగ్గరి పట్నం నుంచి సెలవు రోజుల్లో బస్సు. లోపలికి పోయిన బళ్ల లెక్క. పైన వాన పడితే కిందికి కబురందే ఏర్పాటు. వచ్చిన రుసుములో చుట్టుపక్కల గూడేలకు వాటా, ఎంతమందిని రానివ్వాలన్న నిర్ణయంలో వాళ్లకు మాట. వాహనానికి రెండు డాలర్ల టికెట్ దగ్గరికి చేరడానికి పోర్ట్‌లాండ్‌కు రోడ్డు వేసినప్పటి నుంచి వందేళ్లు పట్టింది, మధ్యలో ఒక జలపాతం మునిగింది, ఒక అడవి కాలింది. మనం అన్నేళ్లు తీసుకోనక్కర్లేదు. విస్తళ్లు ఎన్నో చూసుకోకుండా ఊరంతటినీ ఒకేసారి భోజనానికి పిలిచినవాణ్ణి మనం గొప్ప దాత అనం. వడ్డించడం చేతకానివాడంటాం.